యూనిక్స్ కుటుంబ నిర్వాహక వ్యవస్థలు: శాఖాభేదాలు – తెలుగు పాఠంపై వాటి ప్రభావం

వ్యాససంగ్రహం:
యూనిక్స్ నుంచి పుట్టిన వ్యవస్థలు, యూనిక్స్‌ను పోలిన వ్యవస్థలు పైకి ఒకే రకంగా కనిపిస్తాయి. వాటి మధ్య భేదం ఆజ్ఞల పేర్లలో లేదు. వ్యవస్థలోని ఏ పొరను ఎవరు పరిష్కరిస్తున్నారన్న విషయంలో ఉంది. బి.ఎస్.డి., లినక్స్, మాక్ శాఖలను ఈ దృష్టితో పరిశీలించి, ఆ భేదాలు తెలుగు పదాల అకారాది క్రమంలో, ఫైళ్ల పేర్లలో, అక్షరరూప ప్రదర్శనలో ఎలా బయటపడతాయో వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: నిర్వాహక వ్యవస్థ, యూనిక్స్, బి.ఎస్.డి., లినక్స్, యూనికోడ్, అకారాది క్రమం, ఐత్వం, పాఠపరిష్కరణ.

1. ఉపోద్ఘాతం

తెలుగు పరిశోధనలో కంప్యూటరును చాలాకాలం టైపుయంత్రానికి మారుగానే వాడుకున్నాం. ఇప్పుడు ఆ స్థితి లేదు. కావ్యాల పదసూచికలు, మాండలిక పదకోశాలు, శాసనపాఠాల సంచయాలు కంప్యూటరుమీదనే రూపుదిద్దుకుంటున్నాయి. ఒకప్పుడు పరిశోధకుడు చీటీలమీద రాసుకొని, చేత్తో పేర్చుకొన్న వరుసను ఇవాళ ఒక ఆజ్ఞ క్షణంలో పేర్చి ఇస్తున్నది. చీటీలు పేర్చినవాడు ఏ క్రమాన్ని పాటించాడో పీఠికలో చెప్పుకొనేవాడు. యంత్రం పాటించిన క్రమాన్ని మాత్రం మనం అడగడం లేదు.

ఒకే పదజాబితాను ‘సార్ట్’ అనే ఒకే ఆజ్ఞతో రెండు కంప్యూటర్లలో పేరిస్తే రెండు వేరువేరు వరుసలు రావచ్చు. ఆ రెండూ యూనిక్స్ కుటుంబానికి చెందినవే కావచ్చు. ఇది యంత్రదోషం కాదు, శాఖాభేదం. దీన్ని అర్థం చేసుకోవాలంటే నిర్వాహక వ్యవస్థ (ఆపరేటింగ్ సిస్టమ్) అనేది ఒకే ముద్ద కాదని మొదట గుర్తించాలి. యంత్రభాగాలను నేరుగా నడిపే కెర్నల్ అడుగున ఉంటుంది. దానిమీద ‘సి’ లైబ్రరీ, ఆపైన సార్ట్ వంటి ఉపకరణాలు ఉంటాయి. ఇవి కాక ఫైళ్లను డిస్కుమీద అమర్చే ఫైల్‌వ్యవస్థ, అక్షరాలను తెరమీద కూర్చే రూపకల్పన యంత్రాంగం ఉంటాయి. ఈ పొరల్లో ఒక్కొక్కదానికి ఒక్కొక్క వంశచరిత్ర ఉండవచ్చు.

విండోస్‌ది వేరే వంశం. నేటి విండోస్‌కు ఆధారమైన ఎన్.టి. వ్యవస్థ 1993లో విడుదలైంది. దాని ప్రస్తావన ఈ వ్యాసపరిధిలోకి రాదు.

2. మూలప్రతి, తొలి శాఖలు

1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ ప్రభృతులు పి.డి.పి.-7 అనే యంత్రంమీద యూనిక్స్‌ను ప్రారంభించారు. 1973లో దాన్ని ‘సి’ భాషలో తిరగరాశారు. ఒక యంత్రానికే కట్టుబడని రచనగా అది మారింది అప్పుడే. బెల్ ప్రయోగశాలల యజమాని ఎ.టి.&టి. సంస్థకు 1956లో న్యాయస్థానం ఆమోదించిన ఒప్పందం ప్రకారం కంప్యూటర్ వ్యాపారంలోకి దిగే వీలు లేదు. అందువల్ల యూనిక్స్ సోర్స్ కోడ్ నామమాత్రపు రుసుముతో విశ్వవిద్యాలయాలకు చేరింది. అలా చేరిన ప్రతులకు చదువరులే లేఖకులయ్యారు. చదివినవాళ్లు దిద్దారు, దిద్దినవాళ్లు తమ దిద్దుబాట్లను ఇతరులకు పంపారు. తాళపత్ర ప్రతుల వ్యాప్తిని అధ్యయనం చేసినవారికి ఇది పరిచితమైన దృశ్యమే.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ ప్రాంగణంలో బిల్ జాయ్ 1978లో తన చేర్పులను ఒక సంపుటిగా పంచాడు. అదే బర్క్‌లీ సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్, సంక్షిప్తంగా బి.ఎస్.డి. 1983లో వచ్చిన 4.2 బి.ఎస్.డి.లో ఇంటర్నెట్ సంభాషణకు ఆధారమైన టి.సి.పి./ఐ.పి. ఉంది. అదే ఏడాది ఎ.టి.&టి. తన వాణిజ్య శాఖను ‘సిస్టమ్ ఫైవ్’ పేరుతో విడుదల చేసింది. మూలం ఒకటే అయినా శాఖలు రెండయ్యాయి.

తర్వాతి దశాబ్దంలో బర్క్‌లీ పరిశోధకులు ఎ.టి.&టి. రాసిన భాగాలను ఒక్కొక్కటిగా తొలగించి, వాటి స్థానంలో స్వంత రచనను నింపుతూ వచ్చారు. 1991లో దాదాపు పూర్తి వ్యవస్థను స్వేచ్ఛా లైసెన్సుతో వెలువరించారు. 1992లో వ్యాజ్యం మొదలైంది. 1994లో రాజీ కుదిరేనాటికి సుమారు 18,000 ఫైళ్లలో తొలగించవలసినవి మూడే అని తేలింది. మరో 70 ఫైళ్లకు హక్కుల ప్రకటన చేర్చితే సరిపోయింది. ఒక గ్రంథంలో ప్రక్షిప్తమెంత, మూలమెంత అన్న వివాదం న్యాయస్థానంలో ఫైళ్ల లెక్కతో తేలిన సందర్భాలు అరుదు. పాఠపరిష్కరణ చరిత్రకారులు దీన్ని కూడా ఒకసారి చదవవలసి ఉంది.

వ్యాజ్యం నడుస్తున్న కాలంలోనే, 1993లో, నెట్ బి.ఎస్.డి., ఫ్రీ బి.ఎస్.డి. అనే రెండు శాఖలు ఏర్పడ్డాయి. 1995లో నెట్ నుంచి ఓపెన్ బి.ఎస్.డి., 2003లో ఫ్రీ నుంచి డ్రాగన్‌ఫ్లై బి.ఎస్.డి. విడిపోయాయి. వీటిలో నెట్ శాఖది వీలైనన్ని రకాల యంత్రాలమీద నడవాలన్న లక్ష్యం. ఓపెన్ శాఖ భద్రతకు, ప్రతి పంక్తినీ పదేపదే తనిఖీ చేయడానికి ప్రాధాన్యమిచ్చింది. సర్వర్ల రంగంలో ఎక్కువగా కనిపించేది ఫ్రీ శాఖ.

3. వారసత్వం వేరు, సాదృశ్యం వేరు

లినక్స్‌ను యూనిక్స్ సంతానంగా చెప్పడం పరిపాటి. వంశవృక్షపు దృష్టితో చూస్తే అది సరికాదు. 1991లో హెల్సింకీలో విద్యార్థిగా ఉన్న లైనస్ టోర్వాల్డ్స్ తన కెర్నల్‌ను కొత్తగా రాశాడు. దానిమీద నడిచే ఉపకరణాల్లో అధికభాగం రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రకటించిన జి.ఎన్.యు. ఉద్యమం తయారుచేసినవి. అవి కూడా యూనిక్స్ ప్రవర్తనను అనుకరించాయి కాని, దాని రచనను గ్రహించలేదు. ‘యూనిక్స్ కానిది’ అన్న అర్థం ఆ సంక్షిప్త నామంలోనే ఇమిడి ఉంది.

మన శాస్త్రపరిభాషలో చెప్పాలంటే బి.ఎస్.డి. శాఖల మధ్య ఉన్నది జన్యసంబంధం. లినక్స్‌కు, యూనిక్స్‌కు మధ్య ఉన్నది భాషామండల సంబంధం. తెలుగులో సంస్కృత పదాలు ఎన్ని ఉన్నా తెలుగు సంస్కృతజన్యం కాదని 1816లో ఎల్లిస్ నిరూపించాడు. వేర్వేరు కుటుంబాల భాషలు కలిసి మెలగడం వల్ల ఒకే లక్షణాలను ఎలా పంచుకుంటాయో 1956లో ఎమెనో చూపించాడు. పదజాలం కలిసినంతమాత్రాన కుటుంబం ఒకటి కాదు. ఫైళ్ల పట్టిక చూపే ‘ఎల్.ఎస్.’ ఆజ్ఞ లినక్స్‌లోనూ మాక్‌లోనూ ఉండవచ్చు. రెండింటి రచయితలు వేరు, రచన వేరు.

మాక్ విషయం ఇంకా సంకీర్ణం. 1989లో వచ్చిన నెక్స్ట్‌స్టెప్ వ్యవస్థ మాఖ్ అనే కెర్నల్‌ను, బి.ఎస్.డి. భాగాలను కలుపుకొని తయారైంది. ఆపిల్ సంస్థ ఆ నెక్స్ట్ సంస్థను కొనుగోలు చేసి, ఆ పునాదిమీద 2001లో మాక్ ఓ.ఎస్. టెన్‌ను విడుదల చేసింది. కాగా పాత మాకింటోష్‌నుంచి కొన్ని అలవాట్లు కూడా అందులోకి వచ్చి చేరాయి. వాటిలో ఒకటి తెలుగు ఐత్వాన్ని ఎలా పీడించిందో తరువాత చూద్దాం.

4. ఏకకర్తృక పరిష్కరణ, సంకలన పద్ధతి

బి.ఎస్.డి.కి, లినక్స్‌కు మధ్య అతిముఖ్యమైన భేదం నా దృష్టిలో ఇది: ఫ్రీ బి.ఎస్.డి. పరిష్కర్తలు కెర్నల్‌ను, ‘సి’ లైబ్రరీని, ప్రాథమిక ఉపకరణాలను, వాటి వివరణపుటలను ఒకే భాండాగారంలో ఉంచి, ఒకే బృందంగా దిద్దుతారు. ఒక చోట మార్పు చేస్తే దానికి అనుగుణంగా మిగతా చోట్ల దిద్దుకునే అధికారం వారికి ఉంది. బయటి రచనల్లో అధికభాగం ఈ మూలగ్రంథంలో కలవవు. అనుబంధంలాగా వేరే స్థానంలో ఉంటాయి.

లినక్స్ అనేది నిజానికి కెర్నల్ పేరు మాత్రమే. దానికి జి.ఎన్.యు. ఉపకరణాలు, మరొకరి తెర యంత్రాంగం, ఇంకొకరి ఫాంట్లు చేర్చి, కుదిర్చి ఇచ్చే పనిని ‘పంపిణీలు’ చేస్తాయి. స్లాక్‌వేర్, డెబియన్ 1993లోనే మొదలయ్యాయి. 2004లో డెబియన్ ఆధారంగా ఉబుంటు వచ్చింది. సి-డాక్ సంస్థ భారతీయ భాషల కోసం రూపొందించిన బాస్ కూడా డెబియన్ శాఖలోదే. హైదరాబాదు కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ తెలుగు అనువాదాలతో ఒక జి.ఎన్.యు./లినక్స్ పంపిణీని కూర్చింది. పంపిణీకర్త రచయిత కాడు, సంకలనకర్త. చాటుపద్యాలను ఏర్చి కూర్చినవారి శ్రమ ఎంత విలువైనదో ఈ శ్రమ కూడా అంత విలువైనదే. కాని సంకలనకర్త ఒక పద్యంలో పాఠం నచ్చకపోతే మూలకర్తను ఒప్పించాలి, లేదా తన ప్రతిలో మాత్రం దిద్దుకోవాలి. పంపిణీల మధ్య భేదాలు చాలావరకు ఇలా పుట్టినవే. మిగిలినవి ప్యాకేజీల రూపం, విడుదలల వేగం వంటివి. వాటి గురించి వాదోపవాదాలు ఎక్కువ, విషయం తక్కువ.

అయితే ఒక భేదం మాత్రం లోతైనది. అది ‘సి’ లైబ్రరీ. డెబియన్, ఉబుంటు, ఫెడోరా వంటివి జి.ఎన్.యు. లైబ్రరీని వాడతాయి. ఆల్పైన్ అనే చిన్న పంపిణీ మజిల్ అనే లైబ్రరీని వాడుతుంది. ఆండ్రాయిడ్ కెర్నల్ లినక్సే అయినా లైబ్రరీ బయానిక్ అనే మూడోది. అందులో బి.ఎస్.డి. భాగాలు కలిసి ఉన్నాయి. దీనికి విలోమమైన ప్రయోగం కూడా జరిగింది. ఫ్రీ బి.ఎస్.డి. కెర్నల్‌మీద జి.ఎన్.యు. లైబ్రరీని, డెబియన్ ప్యాకేజీలను అమర్చిన వ్యవస్థను 2011లో డెబియన్ బృందం విడుదల చేసింది. దాన్ని ఏ శాఖలో చేర్చాలి? కెర్నల్ చూస్తే ఒక జవాబు, వాడుకరి ఎదుట కనిపించేది చూస్తే ఇంకో జవాబు. పొరల వారీగా చూడకపోతే ఈ ప్రశ్నకు సమాధానం లేదు.

లైసెన్సులు కూడా పాఠాన్ని మార్చాయి. జి.ఎన్.యు. లైసెన్సు మూడో సంచిక 2007లో వచ్చిన తర్వాత దాని షరతులకు లోబడడం ఇష్టంలేక ఆపిల్ సంస్థ బాష్ అనే ఆజ్ఞాపాలకాన్ని పాత 3.2 సంచిక దగ్గరే నిలిపివేసింది. 2019లో కొత్త ఖాతాలకు జెడ్.ఎస్.హెచ్.ను ప్రామాణికం చేసింది. ఫ్రీ బి.ఎస్.డి. కూడా 2014లో వచ్చిన పదో సంచికతో జి.ఎన్.యు. కంపైలరు స్థానంలో క్లాంగ్‌ను ప్రధాన కంపైలరుగా నిలిపింది.

శాఖాభేదం వాడుకరికి మొదట ఎదురయ్యేది ఆజ్ఞల ఐచ్ఛికాల్లోనే. పాఠాన్ని సామూహికంగా దిద్దే ‘సెడ్’ ఉపకరణంలో అదే ఫైలులో మార్పు చేయమనే ‘ఐ’ ఐచ్ఛికం ఉంది. జి.ఎన్.యు. సంప్రదాయంలో పాతప్రతిని దాచడానికి ప్రత్యయం ఇవ్వడం ఐచ్ఛికం. మాక్‌లో అది తప్పనిసరి, కనీసం ఖాళీగానైనా ఇవ్వాలి. లినక్స్ పుస్తకంలోని ఆజ్ఞను యథాతథంగా మాక్‌లో రాస్తే దిద్దుబాటు సూత్రాన్నే ప్రత్యయంగా భావించి అది తికమకపడుతుంది. ఇటువంటి తేడా వెంటనే బయటపడుతుంది కనుక ప్రమాదం తక్కువ. మౌనంగా జరిగే తేడాలే పరిశోధకుడికి కీడు చేస్తాయి.

5. అకారాది క్రమం

యూనికోడ్ తన తెలుగు ఖండంలో ‘ర’ పక్కనే ‘ఱ’ను, ‘ల’ పక్కనే ‘ళ’ను ఉంచింది. భారతీయ లిపులన్నింటికీ ఒకే చట్రాన్ని వాడడం వల్ల ఈ అమరిక ఏర్పడింది. మన సంప్రదాయ వర్ణమాలలో ళ, ఱ లు హకారం తర్వాత వస్తాయి. కరము, కలము, కవి, కళ, కఱవు అన్న ఐదు మాటలను వర్ణమాల క్రమంలో పేరిస్తే ఇక్కడ రాసిన వరుసే వస్తుంది. సంకేతాల సంఖ్యావిలువను మాత్రమే చూసి పేరిస్తే కరము, కఱవు, కలము, కళ, కవి అని వస్తుంది.

‘సార్ట్’ ఆజ్ఞ స్వయంగా ఏ క్రమాన్నీ నిర్ణయించదు. సాధారణంగా ‘సి’ లైబ్రరీని అడుగుతుంది. ఆ లైబ్రరీ ‘లొకేల్’ అనే భాషాదేశ పట్టికను సంప్రదించాలి. జి.ఎన్.యు. లైబ్రరీలో భారతదేశపు తెలుగుకు లొకేల్ ఉంది. అది వ్యవస్థలో స్థాపితమై, వాడుకరి ఎంచుకొని ఉంటే దాని పట్టిక అమలవుతుంది. మజిల్ లైబ్రరీ ఏ లొకేల్ ఎంచుకున్నా సంకేతాల విలువనే పోలుస్తుంది. ఓపెన్ బి.ఎస్.డి. కూడా అంతే. వ్యవస్థ చిన్నదిగా, తనిఖీకి లొంగేదిగా ఉండాలన్న వారి దృష్టికి భాషల వారీ క్రమపట్టికలు అదనపు బరువు. ఫ్రీ బి.ఎస్.డి. మాత్రం 2016లో వచ్చిన పదకొండో సంచికతో యూనికోడ్ ఆధారిత క్రమాన్ని స్వీకరించింది. ఒకే తల్లి సంతానమైన రెండు బి.ఎస్.డి.లు ఈ విషయంలో చెరో దారి పట్టాయి. ఇక్కడ వంశం మనకు ఏమీ చెప్పదు, పరిష్కర్తల అభిరుచి చెబుతుంది.

ఒకే శాఖలో కూడా నిలకడ లేదు. జి.ఎన్.యు. లైబ్రరీ 2018లో వచ్చిన 2.28 సంచికలో తన క్రమపట్టికలను అంతర్జాతీయ ప్రమాణానికి అనుగుణంగా సమూలంగా మార్చింది. పాత క్రమంలో కట్టిన డేటాబేస్ సూచికలు కొత్త వ్యవస్థలోకి వచ్చాక తప్పిపోయాయి. పోస్ట్‌గ్రెస్ వంటి డేటాబేస్ వాడేవారు సూచికలను తిరిగి కట్టుకోవలసి వచ్చింది. డెబియన్ తొమ్మిదో సంచికలో పేర్చిన పదకోశాన్ని పదో సంచికలో వెతికేవారికి కూడా ఇదే హెచ్చరిక వర్తిస్తుంది.

6. ఐత్వమున్న ఫైళ్ల పేర్లు

తెలుగు ఖండంలో రెండు సంకేతాలుగా విడదీయదగిన అచ్చుగుర్తు ఒక్కటే ఉంది, అది ఐత్వం. కన్నడంలో ఇటువంటివి ఐదు ఉన్నాయి. ‘ై’ అన్న ఒకే సంకేతాన్ని యూనికోడ్ ‘ె’, ‘ౖ’ అన్న జంటతో సర్వసమానంగా ప్రకటించింది. తెరమీద రెండింటికీ భేదం కనిపించకూడదు.

ఇప్పుడు ‘చైత్రం’ అనే పేరుతో ఒక ఫైలు ఉందనుకుందాం. లినక్స్‌లో సాధారణంగా వాడే ఎక్స్ట్4 ఫైల్‌వ్యవస్థకు ఆ పేరు కేవలం బైట్ల వరుస. వాడుకరి ఆరు సంకేతాలతో రాస్తే యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో 18 బైట్లు అవుతుంది, అదే భద్రమవుతుంది. మాక్‌లో చాలాకాలం వాడిన హెచ్.ఎఫ్.ఎస్. ప్లస్ పేరును భద్రపరచే ముందు విడదీస్తుంది. ఐత్వం రెండు ముక్కలై ఏడు సంకేతాలు, 21 బైట్లు అవుతాయి. ఆ ఫైలును లినక్స్‌కు తరలించి, కీలుమీటలతో ‘చైత్రం’ అని కొట్టి వెతికితే దొరకకపోవచ్చు. ఒకే సంచయంలో ఒకే పేరుతో రెండు ఫైళ్లు కనిపించే విచిత్రం కూడా ఇలాగే ఏర్పడుతుంది. వైజయంతి, మైరావణచరిత్ర, శైవసాహిత్యం అని పేర్లు పెట్టుకున్నవారికి ఈ చిక్కు ఉంటుంది. భారతం, భాగవతం అని పెట్టుకున్నవారికి ఉండదు!

ఈ విడదీసే అలవాటు మాక్‌కు బి.ఎస్.డి. నుంచి రాలేదు. హెచ్.ఎఫ్.ఎస్. ప్లస్ 1998 నాటిది, అంటే పాత మాకింటోష్ కాలానిది. యూనిక్స్ పునాదిమీదికి మారినప్పుడు పాత ఇంటి సామానుతోపాటు అదీ వచ్చింది. 2017లో దాని స్థానంలో వచ్చిన ఎ.పి.ఎఫ్.ఎస్. పేరును రాసినట్టే దాచి, పోల్చేటప్పుడు మాత్రం రెండు రూపాలనూ ఒకటిగా చూస్తుంది. ఫ్రీ బి.ఎస్.డి.లో వాడే జెడ్.ఎఫ్.ఎస్.లోనైతే ఈ సమీకరణ కావాలో వద్దో ఫైల్‌వ్యవస్థను నెలకొల్పేటప్పుడే చెప్పాలి, చెప్పకపోతే ఉండదు.

7. ‘జ్ఞా’ ఉదంతం

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ఐఫోన్లను స్తంభింపజేస్తున్నదని ప్రపంచవ్యాప్తంగా వార్తలు వచ్చాయి. ఆ సందేశం అందుకున్న యాప్ మూతపడేది, తిరిగి తెరిస్తే మళ్లీ మూతపడేది. వార్తల్లో ‘జ్ఞా’ అని చూపిన ఆ అక్షరం నిజానికి మనం రోజూ రాసే ‘జ్ఞా’ కాదు. ఒత్తు తర్వాత, దీర్ఘానికి ముందు కంటికి కనిపించని సంయోగనిరోధక సంకేతం ఒకటి అందులో ఉంది. జ్ఞానం, జ్ఞాపకం అని మామూలుగా రాసుకొనేవారికి అపాయం లేదు. దేవనాగరి, బెంగాలీ లిపుల్లోని కొన్ని వరుసలకు కూడా ఇదే గతి పట్టింది. పేరు మాత్రం తెలుగుకే దక్కింది.

ఫోను, చేతిగడియారం, మాక్ కంప్యూటరు అన్నీ దెబ్బతిన్నాయి. వాటన్నింటిలో అక్షరాలను కూర్చేది ఆపిల్ స్వంత యంత్రాంగమైన కోర్ టెక్స్ట్. ఆండ్రాయిడ్‌లో, లినక్స్ పంపిణీల్లో ఆ పని చేసేది హార్ఫ్‌బజ్ అనే స్వేచ్ఛా రచన. అక్కడ అదే సందేశం నిరపాయంగా కనిపించింది. ఫిబ్రవరి 19న ఐ.ఓ.ఎస్. 11.2.6 సంచికతో ఆపిల్ దోషాన్ని సరిచేసింది. ఈ ఉదంతంలో కెర్నల్ వంశానికి ఏ పాత్రా లేదు. ఇదే మాక్ ఆజ్ఞల పొరలో ఫ్రీ బి.ఎస్.డి.కి దగ్గరి చుట్టం, ఫైల్‌పేర్ల పొరలో పాత మాకింటోష్‌కు వారసురాలు, అక్షరాల పొరలో ఎవరికీ బంధువు కాదు.

8. పరిశోధకులు నమోదు చేయవలసిన అంశాలు

తెలుగు పాఠసంచయంమీద ఆధారపడిన సిద్ధాంతగ్రంథంలో ‘కంప్యూటరు సహాయంతో పదసూచిక తయారుచేయడమైనది’ అన్న ఒక్క వాక్యం చాలదు. వ్యవస్థ పేరు, సంచిక, ‘సి’ లైబ్రరీ, పేర్చేటప్పుడు అమలులో ఉన్న లొకేల్ అన్న నాలుగు వివరాలు పద్ధతిని చెప్పే ప్రకరణంలో ఉండాలి. ‘యూనేమ్’ ఆజ్ఞ కెర్నల్ పేరును, సంచికను ఇస్తుంది. ‘లొకేల్’ ఆజ్ఞ అప్పటి భాషాదేశ ఎంపికను చూపుతుంది. అందులో క్రమానికి సంబంధించిన వరుసలో ‘సి’ అని గాని ‘పోసిక్స్’ అని గాని ఉంటే, జి.ఎన్.యు. లైబ్రరీ ఉన్నా సరే, జరిగినది సంకేతాల విలువ ప్రకారం పేర్చడమే. వర్ణమాల క్రమమే కావాలనుకున్నవారు ఏ లైబ్రరీనీ నమ్ముకోకుండా తమ అక్షరక్రమాన్ని ఒక పట్టికగా రాసి, దాని ప్రకారం పేర్చే చిన్న ప్రోగ్రామును వాడుకొని, ఆ పట్టికను అనుబంధంలో ముద్రించడం మేలు. ఫైళ్లను ఇతరులకు పంపేముందు పేర్లలోని ఐత్వాన్ని ఏకసంకేత రూపానికి మార్చుకోవాలి. యూనికోడ్ ప్రమాణం ఈ మార్పిడిని ‘ఎన్.ఎఫ్.సి.’ అన్న పేరుతో నిర్వచించింది. పైథాన్ వంటి భాషల్లో ఒక్క పంక్తితో ఆ పని జరుగుతుంది. ఫైళ్ల పేర్లకే కాక లోపలి పాఠానికి కూడా దీన్ని వర్తింపజేయాలి. లేకుంటే రెండు రూపాల్లో నమోదైన ఒకే పదం పదసూచికలో రెండు పదాలుగా లెక్కకు వస్తుంది.